టాబ్లెట్టు బ్యాటరీ చెడినప్పుడు తల్లిదండ్రులు తెలిసికొనదగిన సంగతులు

గత జూన్ మాసమున పాఠశాల తెరచిన రెండవ వారమున, నాలుగవ తరగతి బాలిక తల్లి ఒకామె మా కార్యాలయమునకు వచ్చి, గుడ్డలో చుట్టిన టాబ్లెట్టు నొకదానిని బల్లపై నుంచినది. "అయ్యవారూ, దీని వీపు ఉబ్బింది. మూసుకుంటుందేమో అని రెండు దినాలు బియ్యం మూట కింద పెట్టి చూస్తిని. అయినా మూసుకోలేదు. దీంట్లోనే పిల్ల పాఠాలన్నీ ఉండాయి" అని చెప్పినది. మేము గుడ్డ విప్పి చూచితిమి. తెర యొక అంచున పైకి లేచియున్నది. ఆ సందులో వెండివలె మెరయు చిన్న సంచి యొకటి దిండువలె ఉబ్బి కనబడుచుండెను. అదియే బ్యాటరీ. బియ్యపు మూట క్రింద ఆ సంచి చినిగియున్నచో ఇంటిలో మంట లేచియుండెడిదని ఆమెతో చెప్పుటకు మాకు నోరు రాలేదు. కాని చెప్పక తప్పినది కాదు.

ఆ దినముననే ఈ వ్యాసము వ్రాయవలెనని నిశ్చయించుకొంటిమి. 2020 మార్చిలో పాఠశాలలు మూతపడిన పిమ్మట, మన హోసూరు ప్రాంతపు తెలుగు పిల్లలకు పాఠములు అందకపోవునని తలచి, దాతలు కొందరు టాబ్లెట్లు కొని యిచ్చిరి. వానిలో తెలుగు పాఠ్యపుస్తకముల ప్రతులను, ఉపాధ్యాయులు చదివి వినిపించిన పద్యములను, లెక్కల పాఠములను చేర్చి పిల్లలకు పంచితిమి. తెలుగు పుస్తకములు ఆలస్యముగా చేతికందిన సంవత్సరములలో ఈ టాబ్లెట్లే మాకు పుస్తకములైనవి. ఇప్పుడవి యొకటొకటిగా మూలబడుచున్నవి. చాలవరకు తెర చెడలేదు, లోపలి యంత్రము చెడలేదు. చెడినది బ్యాటరీ యొక్కటే. ఈ సంగతి తెలియక కొందరు తల్లిదండ్రులు టాబ్లెట్టును పాత సామానుల వానికి వేయుచున్నారు. మరికొందరు చవకగా దొరకిన బ్యాటరీని వేయించి ఆపదను ఇంటికి తెచ్చుకొనుచున్నారు.

మేము శాస్త్రవేత్తలము కాము. మా చదువు ఇంటర్మీడియేటుతో ముగిసినది. ఐనను ఈ రెండు సంవత్సరములలో మరమ్మతు చేయువారి యొద్ద కూర్చుండి చూచినవి, చదివి తెలిసికొన్నవి, మేము చేసిన తప్పులవలన నేర్చుకొన్నవి ఇచ్చట చెప్పుచున్నాము.

టాబ్లెట్టులో నుండునది లిథియం అయాన్ జాతి బ్యాటరీ. దీనిని 1991లో జపాను దేశపు సోనీ సంస్థ మొదటిసారిగా అంగడికి తెచ్చినది. దీని నిర్మాణమునకు దారి చూపిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. అప్పటికి గుడెనఫ్ గారికి 97 సంవత్సరములు. బ్యాటరీ లోపల రెండు పలుచని రేకులుండును. ఒకదానిపై బొగ్గు జాతికి చెందిన గ్రాఫైటు పూత, రెండవదానిపై లిథియముతో కోబాల్టు మొదలగు లోహములు కలిసిన పూత. రెంటి నడుమ కాగితమువంటి పలుచని పొర, దానిని తడిపియుంచు ద్రవము. ఛార్జి చేయునపుడు లిథియం కణములు గ్రాఫైటులోనికి పోవును, వాడునపుడు తిరిగి వచ్చును. ఇట్లు పోవుచు వచ్చుచు కొన్ని కణములు ప్రతిసారియు దారిలోనే చిక్కుకొని నిలిచిపోవును. అందుచేత బ్యాటరీ పట్టు క్రమముగా తగ్గును. ఇది ఎవరి తప్పును కాదు. సాధారణముగా నిండు ఛార్జీలు సుమారు 500 అయినపుడు మొదటి పట్టులో నూటికి 80 వంతులు మిగులునని లెక్క. మేలురకములలో ఇది 1000 వరకును పోవును. సగము చొప్పున రెండుమార్లు ఎక్కించినచో అది ఒక నిండు ఛార్జీ క్రిందనే వచ్చును.

ఈ ముసలితనమును త్వరపెట్టునవి రెండు. ఒకటి వేడి, రెండవది ఎల్లప్పుడు నిండుగా నుంచుట. రెండును కూడినపుడు ద్రవము విరిగి వాయువు పుట్టును. ఆ వాయువు పోవుటకు దారి లేక సంచి ఉబ్బును. ఎండ తగులు కిటికీ యొద్ద రాత్రింబవళ్లు ఛార్జరుకు తగిలించియుంచిన టాబ్లెట్లే ఎక్కువగా ఉబ్బినట్లు మేము చూచితిమి.

మేము చేసిన తప్పు నిక్కడ దాచరాదు. ఒక వేసవిలో పాఠశాలయందున్న టాబ్లెట్ల నన్నిటిని పిల్లల యొద్దనుండి సేకరించి, ఉన్నవానిని ఉన్నట్లే ఇనుప బీరువాలో పెట్టి తాళము వేసితిమి. భద్రముగా నున్నవని సంతోషించితిమి కూడ. జూన్‌లో బీరువా తీసినప్పుడు ఏడు టాబ్లెట్లలో ప్రాణము లేదు. ఛార్జి పూర్తిగా అయిపోయిన బ్యాటరీని నెలల తరబడి అట్లే యుంచినచో, అందలి వోల్టేజి ఇంకను దిగజారి, లోపలి రాగి రేకు కరగనారంభించును. అట్టిదానిని తిరిగి ఛార్జి చేయుట అపాయకరము గనుక బ్యాటరీలోని రక్షణ ఏర్పాటు దానిని అడ్డగించును. దాచదలచిన టాబ్లెట్టును నూటికి 50 వంతుల ఛార్జితో, పూర్తిగా ఆపివేసి, చల్లని చోట నుంచి, రెండు మూడు నెలల కొకసారి తీసి చూచుకొనవలెనను మాట మాకు తర్వాత తెలిసినది. ఏడు టాబ్లెట్ల మూల్యముతో నేర్చుకొన్న పాఠమిది.

ఇక మీ ఇంటిలోని టాబ్లెట్టు సంగతికి వత్తము. అది త్వరగా ఆగిపోవుచున్నంత మాత్రమున బ్యాటరీయే చెడినదని తీర్మానింపకుడు. మా యొద్దకు "బ్యాటరీ పోయినది" అని తెచ్చినవానిలో కొన్నింటికి ఛార్జరు తీగ లోపల తెగియున్నది. కొన్నింటికి తీగ దూర్చు రంధ్రములో పిండియో, దూదియో, బలపపు పొడియో గట్టిగా పట్టియున్నది. కనుక మొదట వేరొక మంచి ఛార్జరుతోను వేరొక తీగతోను పెట్టి చూడవలెను. తరువాత నిండుగా ఛార్జి చేసి, వెలుతురు సగమునకు తగ్గించి, లోపల దాచియున్న పాఠమునొకదానిని ఒక గంటసేపు నడపి, ఎన్ని వంతులు తగ్గినవో వ్రాసికొనవలెను. క్రొత్తదిగా నున్నపుడు గంటకు పండ్రెండో పదమూడో తగ్గెడిది ఇప్పుడు ముప్పది తగ్గినచో అది మూడు గంటలకంటె ఎక్కువ నడవదన్నమాట. ఇంకను ఇరువదియో ముప్పదియో వంతులు చూపుచుండగనే హఠాత్తుగా ఆరిపోవుటయు బ్యాటరీ ముసలిదైనదనుటకు గుర్తు. కాని వీపు ఉబ్బినను, తెర లేచినను, తియ్యని మందు వాసన వంటిది వచ్చినను పరీక్షలన్నియు మానవలెను. వెంటనే ఛార్జరునుండి తీసి, ఆపివేసి, పిల్లలకు అందని చోట, రాతి గచ్చుపై, గుడ్డలు కాగితములు లేని చోట నుంచి మాకు తెలుపుడు. నొక్కకుడు, పొడవకుడు, బరువు పెట్టకుడు. బియ్యపు మూట క్రింద అసలే కూడదు.

బ్యాటరీ మార్పించుటకు కల దారులలో మొదటిది ఆ టాబ్లెట్టు చేసిన సంస్థవారి అధీకృత సేవాకేంద్రము. మనకు బెంగుళూరు 40 కిలోమీటర్ల దూరమే గనుక ఇది అసాధ్యము కాదు. అసలు బ్యాటరీ దొరకును, పనికి రసీదు ఇత్తురు, కొంతకాలము పూచీ యుండును. కాని పోవుటకు ముందు ఫోనుచేసి మూడు సంగతులు అడుగుడు: ఈ నమూనాకు బ్యాటరీ ఇంకను దొరకుచున్నదా, మొత్తము వ్యయమెంత, లోపలి పాఠములు చెరిపివేయుదురా. కొన్ని సంస్థలు బ్యాటరీని మార్చక, రుసుము గైకొని టాబ్లెట్టునే మార్చి వేరొకటి ఇచ్చు పద్ధతి కలవి. అప్పుడు పాతదానిలోనున్న పాఠములన్నియు పోవును. అందుచేత పాఠములను ముందుగా మెమరీకార్డులోనో వేరొక చోటనో దాచుకొనవలెను. ఇందుకు పాఠశాలలో మేము సాయపడుదుము. ఒక తండ్రి ఈ మాట తెలియక పోయి, టాబ్లెట్టు బాగైనదని సంతోషించి ఇంటికి వచ్చి తెరచి చూడగా, కుమార్తె రెండేండ్లుగా అందులో తన గొంతుతో చదివి దాచుకొన్న పద్యములు ఒక్కటియు లేవు. ఆ పిల్ల మూడు దినములు తండ్రితో మాటలాడలేదట.

రెండవ దారి బయటి మరమ్మతు దుకాణము. మనలో అధిక సంఖ్యాకులు పోవునది దీనికే, పాత నమూనాలకు ఇది తప్ప గతిలేదు కూడ. బెంగుళూరి ఎస్.పి. రోడ్డులోను, చెన్నపట్టణపు రిచీ వీధిలోను విడిభాగములు విస్తారముగా దొరకును. మంచి పనివారున్నారు. వారిని మేమెరుగుదుము, గౌరవింతుము. అయితే బ్యాటరీ విషయమున కన్ను తెరచి యుండవలెను.

బ్యాటరీ కొనునపుడు టాబ్లెట్టు పేరు చెప్పిన చాలదు. ఒకే పేరుగల టాబ్లెట్టు రెండు మూడు రకములుగా వచ్చుచుండును. పాత బ్యాటరీ మీద అచ్చువేసిన నమూనా సంఖ్యను క్రొత్తదాని సంఖ్యతో అక్షరము అక్షరము పోల్చవలెను. తరువాత వోల్టులు చూడవలెను. చీటీపై 3.7 అనియో 3.8 అనియో 3.85 అనియో ఉండును. దాని ప్రక్కనే ఛార్జి పరిమితి 4.2, 4.35, 4.4 అని వేరుగా వ్రాసియుండును. ఈ రెండవ అంకె ముఖ్యమైనది. 4.4 వరకు ఎక్కించు టాబ్లెట్టులో 4.2కు మాత్రమే తగిన బ్యాటరీని అమర్చినచో, ప్రతి రాత్రియు దానికి మోయలేని భారము పెట్టినట్లగును. చూచుటకు రెండును ఒకే కొలతలో నుండును, ముడియు సరిపోవును, దుకాణదారుడు "సరిపోయినది గదా" అనును. సరిపోవుట వేరు, తగియుండుట వేరు.

పట్టును మిల్లీ ఆంపియరు గంటలలో చెప్పుదురు. చిన్న టాబ్లెట్లకు 5000 ప్రాంతమున, పెద్దవానికి 7000 ప్రాంతమున ఉండుట కద్దు. పాతది 5000 అయి, అదే పొడవు వెడల్పు మందములుగల క్రొత్తది 10000 అని చెప్పినచో అది అబద్ధము. 5000 గలది 3.8 వోల్టులతో గుణించినచో 19 వాట్ గంటలగును. అంతే చోటులో దానికి రెండింతలు పట్టించు విద్య ఆ దుకాణమువానికి మాత్రమే తెలిసియుండదు గదా! శేరు పాత్రలో రెండు శేర్లు పోయుదునన్నవానిని నమ్మువారము కాము, దీనిని ఏల నమ్మవలెను?

చీటీపై భారతీయ ప్రమాణముల సంస్థ గుర్తును కూడ చూడుడు. లిథియం బ్యాటరీలకు ఐ.ఎస్. 16046 అను ప్రమాణము కలదు. నమోదు అయిన సరకుపై ఆ సంఖ్యతోపాటు "ఆర్" అక్షరముతో మొదలగు నమోదు సంఖ్య యుండును. తయారైన నెలయు సంవత్సరమును చూచుట మరువరాదు. వాడకపోయినను బ్యాటరీ అరలో కూర్చుండియే ముసలిదగును. నాలుగేండ్ల నాటి "క్రొత్త" బ్యాటరీ క్రొత్తది కాదు. పగిలిన టాబ్లెట్లనుండి ఊడదీసి, తుడిచి, క్రొత్త చీటీ అంటించి అమ్మునవియు కలవు. వాని అంచులు నలిగియుండును, జిగురు మరకలుండును. చవకయని వానిని తేరాదు. రసీదు అడుగుడు, కనీసము మూడు మాసముల పూచీ వ్రాయించుకొనుడు. పని మీ కన్నులయెదుట చేయుమని కోరుడు. మంచి పనివాడు దీనికి అభ్యంతరము చెప్పడు.

బంధువులు హైదరాబాదునుండియో విదేశమునుండియో బ్యాటరీ తెచ్చెదమన్నపుడు ఒక మాట: విమానమున విడి లిథియం బ్యాటరీని సామానులలో వేయుటకు వీలులేదు. చేతిసంచిలోనే, కొసలు దేనికిని తగులకుండ కప్పి తెచ్చుకొనవలెను.

మూడవ దారి స్వయముగా మార్చుకొనుట. దీనికి మేము సామాన్యముగా ఒప్పుకొనము. వెనుకటి సెల్ఫోనులవలె గోటితో మూత తీసి బ్యాటరీ మార్చు కాలము టాబ్లెట్లకు చాలవరకు పోయినది. కొన్నింటికి వెనుక మూత కొక్కెములతో నుండును. కొన్నింటికి అద్దమే జిగురుతో అంటించియుండును గనుక, వెచ్చచేసి మెల్లగా లేపవలెను. ఆ అద్దము క్రిందనే కాగితమువంటి పట్టీ తీగలు తెరను యంత్రముతో కలుపుచు నుండును. ఒక్క పట్టీ తెగినను బ్యాటరీ ఖర్చునకు తోడు తెర ఖర్చును వచ్చిపడును. లోపల బ్యాటరీ జిగురుతో గచ్చువలె పట్టియుండును. దానిని కత్తితోనో స్క్రూడ్రైవరుతోనో ఎత్తబోయి పొడిచినచో లోపలి రేకులు రెండును ఒకటినొకటి తాకి నిమిషములో మంట లేచును. మా పూర్వవిద్యార్థి యొకడు ఐ.టి.ఐ. చదివి ఇప్పుడు కర్మాగారమున పనిచేయుచున్నాడు. అతడు మా టాబ్లెట్లు మూడింటికి బ్యాటరీలు మార్చెను. అతడు మొదట చేసిన పని ఏమనగా, ఛార్జిని నూటికి 25 వంతులకంటె తక్కువకు దించుట. ఛార్జి తక్కువగా నున్నచో అపాయమును తక్కువ. తరువాత ప్లాస్టిక్ ముక్కలతో తప్ప లోహముతో లోపల ముట్టలేదు, జిగురు క్రింద ఇసోప్రొపైల్ ఆల్కహాలు చుక్కలు వేసి నానబెట్టెను. ప్రక్కన ఇసుక బకెట్టు పెట్టుకొనెను. తొందర యనునది అతనియందు మేము చూడలేదు. ఆ ఉబ్బిన టాబ్లెట్టును మాత్రము అతడు తీయుటకు ఒప్పుకొనలేదు. "ఇది ఇంటి పని కాదు సార్, సెంటరుకే" అనెను. చేతనైనవాడు కాదనిన పనిని మనము వంటింటి బల్లపై చేయబూనరాదు.

క్రొత్తగా కొనువారికి మరియొక మార్గము కలదు. బ్యాటరీని సులభముగా తీసి మార్చుకొనదగిన టాబ్లెట్లును లేకపోలేదు. సాంసంగ్ వారి గాలక్సీ టాబ్ ఆక్టివ్ వరుసలోనివి అట్టివి. అవి కర్మాగారములలో, బయటి పనులలో వాడుటకై చేసినవి గనుక వెల యెక్కువ. ఐరోపా సమాఖ్యలో 2023లో చేసిన శాసనము ప్రకారము 2027 ఫిబ్రవరి 18 మొదలు అట్టి పరికరముల బ్యాటరీలను కొనినవాడే తీసి మార్చుకొనునట్లు చేయవలసియున్నది. మన దేశమున 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ వారు మరమ్మతు హక్కు పేర ఒక సమాచార వేదికను తెరచిరి. సేవాకేంద్రము విషయమున ఫిర్యాదు ఉన్నచో 1915 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును.

బ్యాటరీ మార్పించకయే వాడుకొనవచ్చునా అని పలువురు అడిగిరి. ఉబ్బు లేక, పట్టు మాత్రము తగ్గినచో వాడవచ్చును. ఇంటిలో ఒక బల్లయొద్ద నుంచి, చదువుకొను గంటసేపు ఛార్జరు తగిలించి, చదువు కాగానే తీసివేయుడు. ఎల్లప్పుడు తగిలించియుంచుటే ఉబ్బుటకు మూలమని పైన చెప్పితిమి. కొన్ని టాబ్లెట్లలో ఛార్జిని 80 లేక 85 వంతుల యొద్దనే ఆపు ఏర్పాటు సెట్టింగులలో నున్నది. దానిని పెట్టుకొన్నచో మేలు. కరెంటు లేని వేళకు పవర్ బ్యాంకు ఉపకరించును. ఇది బ్యాటరీకి చేతికర్ర వంటిదే గాని కాలు కాదు. ఉబ్బినదానికి ఇవేవియు పనికిరావు. బ్యాటరీ తీసివేసి తీగలు అతికించి కరెంటుతో నేరుగా నడిపింతునని ఒక దుకాణమున మాతో చెప్పిరి. చాల టాబ్లెట్లు బ్యాటరీ లేక తెరచుకొననే తెరచుకొనవు. తెరచుకొన్నను అట్టి అతుకును పిల్లల చేతికి ఇచ్చుటకు మాకు ధైర్యము లేదు.

వ్యయము సంగతి. బ్యాటరీయు కూలియు కలిపి, అదే తరగతి క్రొత్త టాబ్లెట్టు వెలలో మూడవవంతు లోపల నున్నచో మార్పించుటయే మేలని మా అభిప్రాయము. సగము దాటినచో ఆలోచింపవలసినదే. పాత టాబ్లెట్టుకు క్రొత్త బ్యాటరీ వేసినంతమాత్రమున దాని మిగిలిన వయస్సు పెరుగదు. ఐనను మన టాబ్లెట్లకు కావలసిన పని పుస్తకము చూపుట, పద్యము వినిపించుట. ఆ పనికి పాత యంత్రము చాలును. బొమ్మల ఆటలకు చాలదని పిల్లలు చెప్పినచో ఆ మాటను అంతగా పట్టించుకొననక్కరలేదు.

పొరపాటున బ్యాటరీనుండి పొగ వచ్చినచో చేతితో పట్టుకొని బయటికి పరుగెత్తకుడు. పిల్లలను బయటికి పంపి, గోడ స్విచ్చి ఆపి, దూరమునుండి విస్తారముగా నీరు పోయుడు. నీరు వేడిని తగ్గించును. ఆ పొగ విషము గనుక పీల్చరాదు. మంట ఆరినను తిరిగి రాజుకొనును గావున అగ్నిమాపక దళమువారిని పిలువవలెను.

తీసివేసిన పాత బ్యాటరీని చెత్తకుండీలో వేయుట కూడదు. చెత్త బండిలో నలిగి మంటలు లేచిన సందర్భములు అనేక నగరములలో కలవు. 2022లో కేంద్ర ప్రభుత్వము చేసిన బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము దానిని ఇతర చెత్తతో కలుపక వేరుగా ఇవ్వవలెను, తయారుచేసినవారు దానిని తిరిగి గైకొను బాధ్యత వహింపవలెను. కొసలకు టేపు అంటించి, పొడి ఇసుక పోసిన మట్టికుండలో నుంచుడు. పాఠశాల వెనుక, పిల్లలు పోనిచోట, కంచె లోపల మేమొక కుండ నుంచితిమి. అందు చేరినవానిని సేవాకేంద్రమునకు అప్పగించుచున్నాము.

నాలుగవ తరగతి బాలిక టాబ్లెట్టు సంగతి చెప్పక విడిచితిమి. సేవాకేంద్రమువారు ఉబ్బిన బ్యాటరీని తీసి క్రొత్తది వేసిరి. తెర అంచున చిన్న గీత మిగిలినది. వ్యయములో సగము సంఘము, సగము ఆ తల్లి భరించినది. తనకు పూలతోటలో కూలి వచ్చిన శనివారమున ఆమె తెచ్చియిచ్చెను, ఒక్కదినమైనను ఆలస్యము కాలేదు. పాఠములన్నియు భద్రముగా నున్నవి.

ఈ సంవత్సరమును సంఘమువారు సగము వ్యయము భరించుటకు ఒప్పుకొనిరి. ప్రతి నెల మొదటి శనివారము మధ్యాహ్నము రెండు గంటలనుండి నాలుగు గంటలవరకు మా పూర్వవిద్యార్థి పాఠశాలలో నుండి టాబ్లెట్లను పరీక్షించును. తల్లిదండ్రులు టాబ్లెట్టుతోపాటు ఇంటిలో వాడు ఛార్జరును తీగను కూడ తేవలెను. పోయినసారి వచ్చినవారిలో సగముమంది ఛార్జరు మరచి వచ్చిరి. ఉబ్బినదానిని మాత్రము ఆ దినమువరకు ఆగక, పిల్లలచేత పంపక, పెద్దలే మాకు ముందుగా కబురుచేసి తీసికొని రావలెను.